పిండిముద్దలో చదువు

పిల్లలూ! మీ చిన్న తమ్ముడో, చెల్లాయో పిండిముద్దతో ఆడుతూంటే కసురుకుంటున్నారా? కసరకండి. అందులో బోలెడు చదువున్నది.

మా రాజాంలో ఒకటో తరగతి పిల్లవాడొకడు బలపం పట్టలేక, బడి మానేస్తానని ఏడ్చేవాడు. పలక పక్కన పెట్టి, వాడికి చెరువు బంకమన్ను ఇచ్చాను. రోజూ పిసికి ఉండలు చేశాడు, పాములు చేశాడు. ఆ పాములను వంచి 'అ', 'ఆ' పేర్చాడు. కొన్నాళ్లకు వేళ్లకు బలం వచ్చింది, బలపమూ నిలిచింది.

అమెరికాలో గోడకాగితాల మసి తుడిచే ముద్ద ఒకటి ఉండేది. ఒక శిశుపాఠశాల ఉపాధ్యాయిని దానిని పిల్లల చేతికిచ్చింది. 1956లో అదే 'ప్లే-డో' అనే ఆటవస్తువై అంగళ్లకు వచ్చింది.

ఇంట్లోనూ చేసుకోవచ్చు. రెండు గిద్దల గోధుమపిండి, గిద్దెడు ఉప్పు, చెంచాడు నూనె, చిటికెడు పసుపు, తగినన్ని నీళ్లు కలపండి. ఉప్పువల్ల త్వరగా చెడదు. కాని నోట పెట్టనివ్వకండి.

రెండు సమానమైన ఉండలు చేసి, ఒకదానిని పాములా సాగదీయండి. ఏది ఎక్కువ? అయిదేళ్లవాడు సాధారణంగా "పామే" అంటాడు. నవ్వకండి. స్విట్జర్లాండు శాస్త్రవేత్త పియాజే ఇటువంటి ప్రశ్నలతోనే పిల్లల ఆలోచన తెలుసుకున్నాడు. త్రాసులో వేసి చూపండి. అప్పటికీ ఒప్పుకోకపోతే బలవంతపెట్టకండి. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి తానే గ్రహిస్తాడు.

అమ్మలారా, నాన్నలారా! చేతుల మురికి కడిగితే పోతుంది. పిల్లలను ఆడనివ్వండి.