అత్తయ్య చూసిన మొదటి మ్యాచ్

మా ఇంట్లో క్రికెట్ అంటే మగవాళ్ళు చూసేది, ఆడవాళ్ళు టీలు అందించేది. 2011లో ధోనీ ఆఖరి సిక్సర్ కొట్టినప్పుడు నేను వంటింట్లో బజ్జీలు వేస్తున్నాను. ముందుగది అరుపుల్ని బట్టే ఇండియా గెలిచిందని తెలిసింది. మావారూ మరుదులూ వైజాగ్‌కి మ్యాచ్‌లకని ఎన్నిసార్లు వెళ్ళారో లెక్కలేదు. మేమూ వస్తామని మేం అడగలేదు, రమ్మని వాళ్ళూ అనలేదు.

అలాంటిది 2025 అక్టోబర్ 12న జంగారెడ్డిగూడెం నుంచి ఇంటిల్లిపాదీ బయల్దేరాం. మహిళల ప్రపంచకప్‌లో ఇండియా, ఆస్ట్రేలియా మ్యాచ్. పట్టుబట్టింది మా అమ్మాయి. తొమ్మిదో తరగతి, ఎడంచేత్తో స్పిన్ వేస్తుంది. అంతకు కొన్నాళ్ళ ముందు సెలక్షన్స్‌కి వెళ్తానంటే వాళ్ళ నాన్న, "ఎండలో నల్లబడిపోతావ్. అయినా నీ వెంట ఎవరు తిరుగుతారు?" అన్నారు. నేను తిరుగుతానని అనొచ్చు. అనలేదు. గిన్నెలు కడుగుతూ ఉండిపోయాను.

తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపిందెవరో వేరే చెప్పక్కర్లేదు. దేవరపల్లి దగ్గర హైవే ఎక్కి, గోదావరి దాటి, అన్నవరంలో ప్రసాదం తిన్నాం. దారి పొడవునా అత్తయ్య గుక్కెడు నీళ్ళు తాగలేదు. ఎందుకో ఆడవాళ్ళకి తెలుసు. మగవాళ్ళకి ఏ తుమ్మచెట్టయినా సరిపోతుంది, మేం మాత్రం పెట్రోలు బంకుల కోసం కళ్ళు కాయలు కాసేలా చూడాలి.

మధురవాడ స్టేడియంలో ఆరోజే రెండు స్టాండ్లకి మిథాలీ రాజ్, రావి కల్పన పేర్లు పెట్టారు. 2006లో బీసీసీఐ చేతికి వచ్చేదాకా ఆడవాళ్ళ క్రికెట్‌కి వేరే సంఘం ఉండేది, డబ్బుల్లేని సంఘం. అంతకు ముందు ఏడాదే, 2005లో, మిథాలీ జట్టు ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్ళింది. ఆ సంగతి మా ముందుగదిలో ఎవరూ మాట్లాడుకోగా నేను వినలేదు.

స్మృతి మంధాన 80, ప్రతీకా రావల్ 75. ఇండియా 330 కొట్టింది. మా మరిది, "ఆడపిల్లలు భలే కొడుతున్నారే" అన్నాడు ఆశ్చర్యంగా. ఆ ఆశ్చర్యం చూస్తే నాకు ఒళ్ళు మండింది. అత్తయ్యకి ఆట తెలియదు, ఎల్బీ అంటే ఏమిటో మనవరాలే చెప్పింది. కానీ కడప జిల్లా ఎర్రమల్లె పిల్ల శ్రీచరణి బంతి అందుకోగానే ముందుకు వంగి కూచుంది. "మన తెలుగు పిల్లేనా? వాళ్ళమ్మ ఎలా పంపిందే అంత దూరం?" అని నన్నడిగింది. నేను జవాబు చెప్పలేదు.

ఆస్ట్రేలియా కెప్టెన్ అలీసా హీలీ 142 కొట్టింది. ఆమెని ఔట్ చేసింది చరణే. మూడు వికెట్లు తీసిందా పిల్ల. అయినా ఇంకో ఓవరు మిగిలుండగానే పెర్రీ సిక్సర్‌తో మ్యాచ్ అయిపోయింది. మూడు వారాల తర్వాత నవీ ముంబయిలో ఈ జట్టే కప్పు గెలుస్తుందని ఆ రాత్రి ఎవరికి తెలుసు? బయటికొస్తుంటే ఎవరో కుర్రాళ్ళు, "వంట చేసుకోక ఎందుకొచ్చిన ఆట" అన్నారు. మగాళ్ళు ఓడినప్పుడు వాళ్ళని ఏ పనికి పొమ్మంటారో!

తుని దగ్గర టీకి ఆగేసరికి అర్ధరాత్రి దాటింది. అత్తయ్య రెండు గ్లాసుల నీళ్ళు గటగటా తాగేసింది. మావారు టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కూతురి వైపు చూడకుండానే అడిగారు.

"ఆ సెలక్షన్స్ ఎప్పుడన్నావమ్మా?"

"పోయిన నెల్లోనే అయిపోయాయి నాన్నా" అంది. అని, కారెక్కి కిటికీ పక్కన కూచుంది.