మేకు కొట్టని ఇంటి కోసం... బజారు దారిలో!

అద్దె ఇంట్లో దిగిన రోజు పాలు పొంగిస్తాం. ఆ గిన్నె ఇంకా చల్లారకముందే ఓనరుగారు వచ్చి ఓ మాట చెప్పి వెళ్తారు... ''గోడలకు మేకులు మాత్రం కొట్టకండమ్మా!''

అంతే. పెళ్లి ఫొటో అటకెక్కుతుంది. గడియారం ఫ్రిజ్ మీద కూర్చుంటుంది. అత్తగారు ప్రేమగా ఇచ్చిన దుప్పటి ట్రంకు పెట్టెలోనే ఉండిపోతుంది. 'మనదేమైనా సొంతిల్లా... ఎన్నాళ్లుంటాంలే' అనుకుంటాం. ఒప్పందం కాగితం మీద ఉండేది 11 నెలలే. కానీ ఆ 11 నెలలే రెండేళ్లవుతాయి, ఐదేళ్లవుతాయి. పిల్లలు ఆ గోడల మధ్యే నడక నేర్చుకుంటారు. ఆ గుమ్మంలోంచే బడికి వెళ్తారు. వాళ్లకు 'మా ఇల్లు' అంటే గుర్తొచ్చేది అదే! మనం మాత్రం సొంతింటి కోసం అన్నీ దాచుకుంటూ ఉంటాం.

అందుకే ఈ ఆదివారం దూరపు ఊళ్లకు కాకుండా హైదరాబాద్ బజార్లలోకి వెళ్దాం. చేతిలో ఐదు వేల రూపాయలు ఉన్నాయనుకుందాం. షరతులు రెండే. గోడకు చిన్న గాయం కూడా కాకూడదు. కొన్న ప్రతి వస్తువూ రేపు ఇల్లు మారేటప్పుడు ట్రాలీ ఆటోలో మనతోపాటు రావాలి. ఈ రెండో షరతు చాలా ముఖ్యం. గోడకు వేసే రంగు, కప్పుకు కట్టించే పీవోపీ ఓనరుకే మిగిలిపోతాయి. బండెక్కేవి మాత్రమే మనవి.

బయల్దేరే ముందు చిన్న పని. ఇంట్లో కిటికీలు, తలుపులు, సజ్జలు, గూళ్లు టేపుతో కొలిచి ఓ చీటీ మీద రాసుకోండి. గోడల మీద ఇప్పటికే ఉన్న మేకులెన్నో లెక్కపెట్టండి. పాత కిరాయిదార్లు వదిలి వెళ్లిన ఆ మేకులే మన ఆస్తి! సామాను సర్దకముందే ప్రతి గదినీ సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీసి ఓనరుగారికి కూడా పంపండి. ఖాళీ చేసే రోజున అడ్వాన్స్ దగ్గర మాటా మాటా పెరగకుండా ఉంటుంది.

ఎర్రగడ్డలో టేకు వేట

ఆదివారం ఉదయం ఎర్రగడ్డ. మెట్రో దిగితే చాలు, అంగడి సందడి వినిపిస్తుంది. రోడ్డు పక్కన టార్పాలిన్ల మీద పాత స్పానర్లు, ఫ్యాన్లు, బూట్లు, గిన్నెలు, తాళంచెవి లేని తాళాలు, తాళం లేని తాళంచెవులు... ఊరంతా తన అటక దులిపి ఇక్కడ పోసినట్టుంటుంది. ఎలక్ట్రానిక్ సామాను, సెల్‌ఫోన్ల జోలికి మనం వెళ్లొద్దు. బిల్లు లేని వస్తువుతో తలనొప్పి ఎందుకు? మన చూపంతా చెక్క మీదే.

ఓ పాత స్టూలు, చిన్న అలమర, కాళ్లు వదులైన కుర్చీ, నిచ్చెన... ఏదైనా ఒక్కటి చాలు. ముందు చేత్తో లేపి చూడండి. టేకు అయితే బరువు తెలుస్తుంది. తిప్పి అడుగు భాగం చూడండి. పైన ఎంత రంగేసినా అడుగున చెక్క అసలు రూపం దాగదు. అంచుల దగ్గర పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. సన్నటి రంధ్రాలుండి, తట్టగానే పిండిలాంటి పొడి రాలితే పురుగు పట్టినట్టే. దాన్ని ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. నవారు, కేను అల్లిన వాటిలో నల్లుల మచ్చలున్నాయేమో మూలల్లో వెతకండి. కాళ్లు ఊగుతున్నాయా... భయం లేదు. స్క్రూలు బిగించి, కాస్త ఫెవికాల్ పెడితే నిలబడుతుంది.

బేరం? అది ఇక్కడి మర్యాద. చెప్పిన ధరకే కొనేస్తే అమ్మేవాళ్లకే తృప్తి ఉండదు. అలాగని చీపుగా మాట్లాడకూడదు. ''అన్నా, ఆఖరికి ఎంత?'' అని అడిగి, ఒకసారి రెండడుగులు ముందుకేస్తే సగం బేరం అయిపోయినట్టే. కొన్నది ఇంటికి తెచ్చాక ఒక రోజంతా మండే ఎండలో ఉంచండి. ముందు గరుకు గరుకు కాగితంతో, తర్వాత నున్నటి గరుకు కాగితంతో రుద్దండి. ధూళి తుడిచి ప్రైమరు, అది ఆరాక ఎనామిల్. పిల్లల చేతికీ ఓ బ్రష్షు ఇవ్వండి. గోడకు వేయకూడదన్న రంగంతా ఈ స్టూలుకు వేసుకోవచ్చు. నిలువుగా ఆనించిన పాత నిచ్చెన మీద తువ్వాళ్లు, దుప్పట్లు వేలాడదీస్తే ఒక్క మేకూ లేకుండా అల్మరా సిద్ధం.

ఆదివారం కుదరనివారికి గురువారం ఉంది. పురానాపూల్ దగ్గర్లోని జుమేరాత్ బజార్‌ది కూడా ఇదే వ్యాపారం. ఉర్దూలో జుమేరాత్ అంటే గురువారమే. పురానాపూల్ 1578లో కట్టిన వంతెన. మూసీ మీద ఊళ్లోకెల్లా పాతది. పాత వస్తువులు వెతుక్కోవడానికి ఇంతకంటే తగిన చోటు ఏముంటుంది!

బేగంబజార్‌లో చేట... చాందినీ

పక్కనే బేగంబజార్. రెండో అసఫ్‌జా నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో వెలిసిందని, అందుకే ఆ పేరొచ్చిందని చెబుతారు. హోల్‌సేల్ దుకాణాలు ఎక్కువ కాబట్టి ఆదివారం కాకుండా పనిరోజున వెళ్లడం మేలు. ఎంజీబీఎస్‌లో మెట్రో దిగి ఆటో ఎక్కొచ్చు. కారులో వెళ్లే సాహసం మాత్రం చేయొద్దు.

ఇత్తడి, స్టీలు వీధుల్లో కళ్లు చెదిరినా మనం అడిగేవి చిన్నవే. వెదురు బుట్టలు, చేటలు, జనపనార తాడు, స్ప్రింగ్ కర్టెన్ రాడ్. మేదర్లు అల్లిన వెదురు బుట్టను బోర్లించి, అడుగున ఉన్న సందులోంచి బల్బు హోల్డరు దింపితే అందమైన దీపపు గొడుగు. వెలుతురు అల్లిక సందుల్లోంచి గోడ మీద ముగ్గులా పడుతుంది. ఇందులో ఎల్‌ఈడీ బల్బే పెట్టాలి. పాత పీచు బల్బు వేడికి వెదురు కమిలిపోతుంది. బల్బు కొనేటప్పుడు డబ్బా మీద 2700 లేదా 3000 కె అని ఉందో లేదో చూడండి. అది పసుపు వన్నె వెలుగు. తెల్లటి ట్యూబులైటు ఆపేసి ఇది వెలిగిస్తే పెచ్చులూడిన గోడ కూడా సాయంత్రం వేళ పాత హవేలీలా కనిపిస్తుంది.

స్ప్రింగ్ రాడ్ సంగతి తెలిసినవారు తక్కువ. కిటికీ గూటిలో ఆ చివర నుంచి ఈ చివరకు పెట్టి తిప్పితే లోపలి స్ప్రింగు రెండు వైపులా నొక్కిపట్టి నిలబడుతుంది. డ్రిల్లు లేదు, మేకు లేదు. తేలికపాటి తెరలకే పనికొస్తుంది. బరువైన తెరలు వేస్తే జారిపోతుంది.

అంటించే హుక్కులు కొనేవారికి ఓ హెచ్చరిక. సున్నం, డిస్టెంపరు వేసిన గోడలకు అవి పట్టవు. చేత్తో రాస్తే తెల్లగా పొడి అంటుతోందా... ఆ గోడకు హుక్కు పెడితే హుక్కుతోపాటు రంగు పెచ్చు కూడా ఊడొస్తుంది. అడ్వాన్స్‌లో కోత పడేది అక్కడే! టైల్సు, అద్దం, ఎనామిల్ వేసిన తలుపులు... హుక్కుల చోటు అదీ. తీసేటప్పుడు హెయిర్ డ్రయ్యరుతో కాస్త వేడి చేస్తే జిగురు మెత్తబడి సులువుగా వస్తుంది.

ఒక చీర... రెండు తెరలు... రెండు దిండ్లు

కోఠి పక్కన సుల్తాన్‌బజార్. మెట్రో స్టేషను పేరు కూడా అదే. కట్‌పీసుల కోసం తరాలుగా ఆడవాళ్లు వస్తున్న చోటు. కానీ అక్కడికి వెళ్లేముందు ఇంట్లో బీరువా తెరవండి. కట్టని చీర ఒక్కటైనా ఉంటుంది. చీర ఐదున్నర మీటర్లు, అంటే సుమారు 18 అడుగులు. గుమ్మం తెరకు మడతలతో కలిపి ఏడున్నర అడుగులు చాలు. రెండు తెరలకు 15 అడుగులు పోగా మూడడుగుల ముక్క మిగులుతుంది. అందులోంచి 18 అంగుళాల చదరాలు నాలుగు వస్తాయి. అంటే 16 అంగుళాల దిండ్లకు రెండు గలేబులు! అంచులు రెండు పక్కలా నిలువుగా వచ్చేలా కుట్టిస్తే జరీ తెర పొడవునా మెరుస్తుంది. నూలు చీరైతే ఉతకడానికి తేలిక. పట్టు చీరను ఎండ పడే కిటికీకి కట్టొద్దు, రంగు వెలిసి పోగులు చివికిపోతాయి. తెర నిండుగా కనిపించాలంటే కిటికీ వెడల్పుకు ఒకటిన్నర నుంచి రెండింతల బట్ట ఉండాలి. అది గుర్తుంచుకుంటే కట్‌పీసులు కూడా తప్పు కొలతల్లో కొనరు.

నేలకు జంపఖానా. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసే ఈ నూలు తివాచీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మాదాపూర్ శిల్పారామంలోనో, చేనేత మేళాల్లోనో దొరుకుతాయి. పగిలిన గచ్చునూ, మాసిన టైల్సునూ అందంగా కప్పేస్తుంది. చుట్టచుట్టి చంకలో పెట్టుకుంటే తర్వాతి ఇంటికీ వచ్చేస్తుంది. చుట్టాలొస్తే పడక కూడా అదే.

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద బొమ్మల కొలువు

ఆదివారం మధ్యాహ్నానికి ఆబిడ్స్ చేరుకోండి. మూసిన షట్టర్ల ముందు పుస్తకాలు పరుచుకుని ఉంటాయి. నవలల కోసం వచ్చేవారిని పక్కకు జరిపి, మనం చిరిగిన అట్లాసులు, పాత పత్రికలు, పిల్లల బొమ్మల పుస్తకాలు వెతకాలి. పాత పటం ఒక్కటి ఫ్రేములో పెడితే గోడకే హోదా వస్తుంది. ఫ్రేమును వేలాడదీయాల్సిన పనిలేదు. అలమర మీద, గూట్లో, ఎర్రగడ్డ స్టూలు మీద గోడకు ఆనించండి. పెద్దది వెనక, చిన్నది ముందు. పెళ్లి ఫొటో కూడా అటక దిగి వీటి మధ్య కూర్చోవచ్చు.

పిల్లల బొమ్మలకు జనపనార తాడు ఉంది కదా! కిటికీ ఊచ నుంచి పాత మేకు దాకా దాన్ని కట్టి, బట్టల క్లిప్పులతో కాగితాలు తగిలించండి. వారానికో బొమ్మ మారుతుంది. పైసా ఖర్చు లేని ప్రదర్శన.

ఇక మొక్కలు. నగరంలో రోడ్డు పక్క నర్సరీల్లో కనిపించే కుండీల్లో చాలావరకు రాజమండ్రి పక్కన కడియం నుంచి లారీల్లో వచ్చినవే. ఎండ తక్కువున్న ఇంటికి మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు సరిపోతాయి. మనీప్లాంటును సీసాలో నీళ్లు పోసి పెంచితే మూడు, నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చాల్సిందే. లేదంటే అందం సంగతేమో గానీ, డెంగీ దోమలకు మనమే ఇల్లు అద్దెకిచ్చినట్టవుతుంది!

లెక్క తేలిందా?

ఐదు వేలలో సగం చెక్క సామానుకూ, దాని రంగుకూ. మిగతా సగంలో జంపఖానా, బుట్ట దీపం, రాడ్లు, రెండు ఫ్రేములు, రెండు కుండీలు. అన్నీ ఒకే నెలలో కొనాలని లేదు. ఒక్కో నెల ఒక్కో బజారు అనుకుంటే ఖర్చు భారం కాదు, పిల్లలకు ఊరు కూడా తెలుస్తుంది.

ఇలా సర్దుకున్న ఇల్లు చూసి కొందరు ఓనర్లు ముచ్చటపడతారు. కొందరు అద్దె పెంచుదామా అని ఆలోచిస్తారు. అది మన చేతుల్లో లేదు. ఆషాఢం వెళ్లగానే 'మా అబ్బాయి వస్తున్నాడు, ఖాళీ చేయండి' అనే కబురూ రావచ్చు. అప్పుడు పాత ఇల్లు బోసిపోతుంది గానీ మన ఇల్లు బోసిపోదు. తెరలు దించి, జంపఖానా చుట్టి, బుట్ట దీపాన్ని ఒళ్లో పెట్టుకుని ట్రాలీ వెనక కూర్చుంటే చాలు. కొత్త గదిలో మొదటి రాత్రి అదే పసుపు వెలుగు, అవే తెరలు, అదే దిండు. కొత్త చోటని బెదిరే పసివాడికి ఆ మాత్రం ధైర్యం చాలు.

అన్నట్టు, ఏ బజార్లోనూ కొనాల్సిన పనిలేనిది ఒకటుంది. గుమ్మం ముందు ముగ్గు. పిడికెడు పిండి, ఐదు నిమిషాలు. దానికి ఏ ఓనరూ అడ్డు చెప్పరు. ఆ ముగ్గు పడ్డాక... అది అద్దె ఇల్లని వీధిలో పోయేవారికి ఎలా తెలుస్తుంది చెప్పండి!