పులి కనపడని పెళ్లిరోజు

తెలుగునాట జూ చూడని బాల్యం ఉంటుందేమోగానీ, ‘మార్కులు బాగా వస్తే జూకి తీసుకెళ్తా’ అన్న మాట వినని బాల్యం ఉండదు. మా జ్యోతినగర్ పిల్లలకైతే వేసవి సెలవుల్లో అదే పెద్ద పండగ. రామగుండంలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, సిటీబస్సు పట్టుకుని బహదూర్‌పురా చేరితే నెహ్రూ జంతు ప్రదర్శనశాల. 1963లో తెరిచిన ఆ 380 ఎకరాల తోటలో పిల్లలు ముందుగా పరుగెత్తేది సింహాల సఫారీ దగ్గరికే. కిటికీలకు ఇనుప జాలీలు బిగించిన బస్సులో ఎక్కించి తిప్పుతారు. డ్రైవరు బండి ఆపి ‘అదిగో’ అనగానే చెట్టు నీడన పడుకున్న సింహం తీరిగ్గా ఓ ఆవులింత ఆవులిస్తుంది. అంతే, టికెట్టు డబ్బులు గిట్టుబాటైపోయినట్టే!

జూలో ఉన్న సుఖమేమిటంటే, జంతువు ఎక్కడికీ పోదు. మనం వెళ్లిన వేళకు అది ఉండి తీరుతుంది. అడవిలో ఆ హామీ ఉండదు. ఆ సంగతి మొన్న డిసెంబరులో, మా పదో పెళ్లిరోజున తెలిసొచ్చింది.

పదో ఏడు కదా, కనీసం ఓ జత గాజులైనా వస్తాయని ఆశపడ్డాను. మావారేమో ‘కవ్వాల్ సఫారీకి వెళ్దాం’ అన్నారు. ప్లాంటులో షిఫ్టు డ్యూటీలు చేసే మనిషి. ఏడాదిలో సగం రాత్రులు కంట్రోల్ రూములో, మీటర్ల మీది ముల్లులను చూస్తూ గడిపేస్తారు. ఆయనకు ఓ ఆదివారం సెలవు దొరకడమే పులి కనిపించినంత అరుదు. అందుకే గాజుల మాట ఎత్తకుండా సరేనన్నాను. పిల్లలిద్దర్నీ అత్తయ్యకు అప్పగించి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం.

గోదావరి వంతెన దాటేసరికి ఇంకా చీకటే. వెనక్కి తిరిగి చూస్తే మా ఊరి చిమ్నీలు, వాటి మీద మినుకుమినుకుమనే ఎర్ర దీపాలు. 1983లో ఇక్కడ మొదటి యూనిట్ కరెంటు ఇచ్చింది. తర్వాత ఒక్కొక్కటే పెరిగి 2,600 మెగావాట్లయింది. ఆ పక్కనే మరో రెండు 800 మెగావాట్ల యూనిట్లూ వచ్చాయి. ఈ కరెంటు దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ పోతుంది. దాని కోసం బొగ్గు రైళ్లు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. శ్రీరాంపూర్ దగ్గర రోడ్డు పక్కన గని మట్టికుప్పలు కొండల్లా నిలబడ్డాయి. మంచిర్యాల, లక్సెట్టిపేట, దండేపల్లి దాటాక అసలు కొండలు మొదలయ్యాయి. జన్నారం చేరేసరికి తూరుపు తెల్లబడింది.

గోరింటాకు పెట్టిన టేకు

కవ్వాల్ 1965 నుంచీ అభయారణ్యం. 2012లో పులుల అభయారణ్యమైంది. నడిమధ్యన ఎవరూ ఉండకూడని కోర్ ప్రాంతం 893 చదరపు కిలోమీటర్లు. దాని చుట్టూ మనుషులూ జంతువులూ సర్దుకుని బతకాల్సిన బఫర్ మరో 1,123. ఉమ్మడి ఆదిలాబాద్‌లోని నాలుగు కొత్త జిల్లాల్లోనూ దీనికి చోటుంది.

పైకప్పు లేని జీపులో మాతోపాటు ఇంకో జంట ఎక్కారు. కరీంనగర్‌లో రిటైరైన మాస్టారు, వాళ్లావిడ. మాస్టారి మెడలో మూరెడు లెన్సుతో కెమెరా. ముందు సీట్లో గైడు. పాతికేళ్ల గోండు యువకుడు. ‘సార్, సప్పుడు చెయ్యద్దు. సెల్‌ఫోను మోగద్దు. సెంటు కొట్టుకున్నోళ్లు గాలికి ఎదురు కూసోవద్దు’ అన్నాడు. మావారు నావైపు చూసి నవ్వారు. పెళ్లిరోజని ఆ పూట కాస్త ఎక్కువే కొట్టుకున్నాను మరి!

మొదటి అరగంటలోనే చుక్కల దుప్పుల మంద కనిపించింది. చెట్టు మీద కొండముచ్చులు ఆకులు తెంపి సగం తిని సగం పారేస్తుంటే, కింద దుప్పులు ఏరుకు తింటున్నాయి. ‘ఇది ఊకెనే దోస్తీ కాదు మేడమ్’ అన్నాడు గైడు. కొండముచ్చుకు ఎత్తు మీంచి దూరం కనిపిస్తుంది. దుప్పికి వాసన బాగా తెలుస్తుంది. పులో చిరుతో వస్తే ముందుగా ఎవరు పసిగడితే వాళ్లు అరుస్తారు, ఇద్దరూ బతుకుతారు. మా టౌన్‌షిప్‌లో పక్కింటివాళ్లతో మాకున్న ఒప్పందం కూడా ఇలాంటిదే అనిపించింది.

దారి పక్కన నరికిన మోడుకు చిగురేసిన లేత టేకాకు తెంపి, నా అరచేతిలో నలపమన్నాడు. నలిపితే ఎర్రగా పండింది. ‘పెళ్లిరోజు గోరింటాకు’ అన్నారు మాస్టారిగారి భార్య. గాజులకు బదులు అదైనా దక్కింది.

ముందుకెళ్తుంటే అడవి మధ్యలో పెంచిన గడ్డి మైదానాలు, సోలార్ పంపుతో నీళ్లు పారే సాసర్ పిట్లు కనిపించాయి. పెద్ద పళ్లెంలా తవ్విన లోతులేని గుంటలవి. ఇదంతా దుప్పుల కోసమేనా అనడిగాను. దుప్పుల కోసమే, అంటే పులి కోసమే. ఒక్క పులికి ఏడాదిలో దుప్పిలాంటి జంతువులు యాభై దాకా కావాలి. అన్నిటినీ తినేస్తే రేపటికుండవు కాబట్టి, అంతకు పదింతల మంద ఆ చుట్టుపక్కల మేస్తూ ఉండాలి. గడ్డి లేనిదే దుప్పి లేదు. దుప్పి లేనిదే పులి లేదు. ఒక కణితి, అల్లంత దూరాన అడవిదున్నల గుంపు, చెట్టుకు ఎలుగుబంటి గోళ్ల గీతలు... అన్నీ చూశాం. పులి తప్ప.

‘వచ్చిందారా?’

ఒకచోట దుప్పి హెచ్చరికగా అరిచింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. అరగంట ఎవరం కదల్లేదు. ఏమీ రాలేదు. మాస్టారికి ఓపిక నశించింది. ‘ఇంత అడవి పెట్టుకుని, ఇంత ఖర్చు పెట్టి, అసలు పులి ఉందా లేదా బాబూ?’ అనడిగారు.

గైడు చిన్నబుచ్చుకోలేదు. ఆ ప్రశ్న రోజూ వినేదే. ఇక్కడికి రావాల్సిన పులులు మహారాష్ట్రలోని తడోబా నుంచి రావాలి. అక్కడ పులుల సంఖ్య పెరిగి, వయసుకొచ్చిన పిల్లలు సొంత జాగా వెతుక్కుంటూ ప్రాణహిత దాటుతాయి. దేశంలో 2006లో 1,411గా లెక్కతేలిన పులులు 2022 నాటికి 3,682 అయ్యాయి కదా, ఆ పెరిగిన సంసారాలకు చోటు కావాలి మరి. అలా వచ్చినవాటిలో ‘ఫాల్గుణ’ అని పేరుపెట్టిన ఆడపులి కాగజ్‌నగర్ అడవుల్లోనే కాపురం పెట్టి పిల్లల్నీ కన్నది. కానీ అక్కణ్నుంచి కవ్వాల్ కోర్‌కు రావాలంటే మధ్యలో కాజీపేట - బల్లార్షా రైలుమార్గం, జాతీయ రహదారి, పత్తి చేలు, ఊళ్లు. అప్పుడప్పుడూ ఒకటి వస్తుంది, కొన్నాళ్లు తిరిగి వెళ్లిపోతుంది. నిలవదు.

ఆ రైలుమార్గంలో తిరిగేవాటిలో మా బొగ్గు రైళ్లూ ఉన్నాయని నాకప్పుడే గుర్తొచ్చింది.

పులి కాపురమున్న చోట మనుషుల పాట్లు పత్రికలో పనిచేస్తాను గనుక నాకు తెలుసు. చలికాలం వచ్చిందంటే మా డెస్కుకు ‘పులి సంచారం’ వార్తలు మొదలవుతాయి. ఎందుకంటే పత్తి ఏరేదీ అప్పుడే. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో 2020 నవంబరులో పులి ఇద్దరి ప్రాణాలు తీసింది. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేలో ఓ యువతి బలైంది. ఆ తర్వాత కూలీలు తల వెనక్కి మనిషి ముఖం మాస్కు తగిలించుకుని చేలోకి వెళ్లారు. పులి వెనక నుంచే మీద పడుతుందని! అదే 2024 జనవరిలో అక్కడి అడవిలో రెండు పులులు చచ్చిపడ్డాయి. విషం కలిసిన పశువు కళేబరాన్ని తినడమే కారణమని అనుమానించారు. అటు మనిషి, ఇటు పులి... ఎవరివైపు నిలబడి వార్త రాయాలో తెలియని రోజులవి.

జీపు మళ్లీ కదిలాక, మావారు గైడును ‘మీదే ఊరు తమ్ముడూ?’ అనడిగారు. తనది బఫర్‌లోని ఊరేనట. మేనత్త వాళ్లది మాత్రం కోర్. కడెం మండలంలోని రాంపూర్, మైసంపేట ఊళ్లను 2024లో అడవి బయటి కొత్త కాలనీకి తరలించారు కదా, ఆ కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. డబ్బు తీసుకునేవాళ్లు డబ్బు తీసుకున్నారు, ఇల్లూ పొలమూ కావాలన్నవాళ్లు అవి తీసుకున్నారు. మేనత్త ఇల్లు ఎంచుకుంది. రోడ్డు దగ్గర, బడి దగ్గర, ఆస్పత్రి దగ్గర. ‘సౌలత్‌కు తక్కువ లేదు సార్. పిల్లల సదువుకు మంచిదే అంటది. కాని నేను పోయినప్పుడల్లా ఒకటే అడుగుతది... పులి అచ్చిందారా? అని. రాలే అత్తా అంటే, మరి మేమెందుకు లేసొచ్చినం రా అంటది’ అన్నాడు.

మాస్టారు కెమెరా ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నారు.

ఊరితోపాటు కదిలిన రాయి

ఆ తర్వాత మావారు అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉన్నాయి. ‘ఇంటి పట్టా చేతికొచ్చిందా? కొత్త పొలంలో బోరు పడ్డదా? ఇప్పచెట్లు ఎవరి లెక్కలో వేసిన్రు?’ చివరికి గొంతు తగ్గించి- ‘దేవతను ఎట్ల తీస్కపోయిన్రు?’

‘చెట్టు కింద ఉండె సార్. దేవతను తెచ్చుకున్నం. చెట్టును తేలేం గదా’ అన్నాడు గైడు.

ఇవి అడవి చూడ్డానికి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు కావు. ఊరు పోగొట్టుకున్నవాళ్లే అడగగలరు. మావారి ఊరు ఆయన ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఓ ప్రాజెక్టు కింద పోయిందని నాకు తెలుసు. మామయ్యకు నష్టపరిహారం వచ్చిందనీ, ఆ డబ్బుతోనే మావారి చదువు సాగిందనీ తెలుసు. మా పెళ్లిచూపుల్లో కూడా ఆ సంగతి ఒక వాక్యంలో తేల్చేశారు. పదేళ్లలో అంతకుమించి ఒక్క మాటా ఆయన నోట వినలేదు.

ఆ పూట జీపులో, ఓ కొత్త కుర్రాడితో చెప్పారు. ఊరు ఖాళీచేసే ముందురోజు పోచమ్మ రాయిని తాతయ్య పసుపు బట్టలో చుట్టి ఎడ్లబండి మీద పెట్టుకున్నాడట. ముందు అమ్మవారి బండి, దాని వెనకే గిన్నెలూ మంచాలూ ఉన్న బండ్లు. కాలనీలో నీళ్ల ట్యాంకు పక్కన ప్రతిష్ఠించారట. కోడలిగా అడుగుపెట్టిన ఏడు నుంచీ శ్రావణంలో నేను బోనమెత్తుకుని వెళ్లేది ఆ ట్యాంకు పక్కన గుడికే! ఆ రాయి అంత దూరం నుంచి బండి మీద వచ్చిందని నాకెవరూ చెప్పలేదు. బహుశా అందరికీ తెలిసిన విషయమే కదా అని ఇంట్లోవాళ్లు అనుకున్నారేమో.

బొగ్గు కావాలన్నా, కరెంటు కావాలన్నా, పులి కావాలన్నా ముందు ఎవరో ఒకరు లేచి జరగాలి. లేచి జరిగినవాళ్లకు బదులు ఏదో ఒకటి దక్కుతుంది. ఇల్లు, పొలం, డబ్బు, చదువు... అవి చిన్నవని అననుగాక అనను. ఆ చదువుల వల్లే నా ఇల్లు నిలబడింది. కానీ మా ఊరి మట్టి కింది బొగ్గుతో దీపాలు వెలిగాయి, వెలుగుతున్నాయి అని మావారు కనీసం చెప్పుకోగలరు. ఆ మేనత్తకు చెప్పుకోవడానికి ఇంకా ఏమీ లేదు. పులి వచ్చి ఆ ఖాళీ ఊళ్ల గడ్డిలో పిల్లల్ని పెడితే తప్ప, ఆమె త్యాగం లెక్క తేలదు. గడ్డి పెంచేవాళ్లు, నీళ్లు నింపేవాళ్లు, రాత్రంతా బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవాళ్లు... వాళ్లందరూ చేస్తున్నది ఒకరకంగా ఆ ముసలావిడకు జవాబు వెతకడమే.

సఫారీ ముగిసింది. మాస్టారు గైడు చేతిలో కొంత డబ్బు పెట్టి, ‘పులి ఫొటో నీ దగ్గరుంటే నాకు కాదు నాయనా, ముందు మీ అత్తకు చూపించు’ అన్నారు. మావారు మాత్రం అతని ఫోన్ నంబరు తీసుకున్నారు. ‘అత్తవాళ్ల బోరు సంగతి ఫోన్ చేసి చెప్పు’ అన్నారు.

తిరుగు ప్రయాణంలో మంచిర్యాల దాకా ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. గోదావరి దాటాక, రోజూ వెళ్లే దారి వదిలి, ఓ గని మట్టికుప్పకు ఎదురుగా కారు ఆపారు. దాని మీద తుమ్మలు, సుబాబులు చెట్లు మొలిచాయి. పొద్దు వాలుతోంది. ఈ దారిన ఎన్నో పెళ్లిళ్లకు, ఎన్నో పేరంటాలకు వెళ్లాను. ఏనాడూ అటు చూసి ఉండను.

ఆయన కారు దిగి, కుప్ప మీదికి వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టారు. పొద్దున గైడు చూపించినట్టే, తొందర లేకుండా, ఒక్కొక్కటే.

‘అదిగో, ఆ రెండు తుమ్మచెట్ల నడుమ... అక్కడ మా చెరువు. దానికి కుడిపక్క బడి. ఆ కొసన పోచమ్మ చింతచెట్టు.’