వలస తల్లి మనసుకు చిరునామా ఏది?

ఉక్కు చరిత్రలో తల్లుల ప్రస్తావన ఉండదు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయి తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ కొలిమిని నమ్ముకుని దేశం నలుమూలల నుంచి తరలివచ్చిన వారిలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల తెలుగువారు ఉన్నారు. పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ వైపు సాగే రైలు మార్గమే వారి వలస మార్గం. ఎన్ని టన్నుల ఉక్కు పోతపోశారో ప్రభుత్వానికి తెలుసు. ఆ కార్మికుల వెంట చంకన బిడ్డతో రైలు దిగిన స్త్రీలు పరాయి నేలపై ఎలా తట్టుకున్నారో అడిగినవారు తక్కువ.

ఎన్నికల వార్తల కోసం ఛత్తీస్‌గఢ్ వెళ్లినప్పుడల్లా నేను భిలాయిలోని ఖుర్సీపార్ బస్తీలో ఒక పూట గడుపుతాను. అక్కడ తెలుగు వినిపిస్తుంది. పురుషులను ప్రశ్నిస్తే ఠేకా కూలి గురించి, పార్టీల గురించి మాట్లాడతారు. స్త్రీలు మొదట ఏమీ చెప్పరు. మగవారు లేచి వెళ్లిన తరువాత నిద్ర గురించి మాట్లాడతారు. నిద్ర రాదు, తల బరువు, గుండె దడ, అన్నం సహించదు. నెలల బిడ్డను ఒడిలో పెట్టుకున్న ఒక యువతి ఒకసారి నన్నే ఎదురడిగింది: “జొరమైతే డాక్టరుకి బుఖార్ అని సెప్తాను. దీన్ని ఏటనాలి బాబూ?”

నా దగ్గర సమాధానం లేదు. తెలుగులోనూ మనం ఆ బాధకు గౌరవప్రదమైన పేరు పెట్టుకోలేదు. వైద్యులు ప్రసవానంతర కుంగుబాటు అంటారు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడిన ఒక సమీక్ష, మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను క్రోడీకరించి, సుమారు 22 శాతం తల్లులలో ఈ కుంగుబాటు ఉందని అంచనా వేసింది. అంటే ఐదుగురిలో ఒకరికి పైగా. ఇది వలస వెళ్లిన వారి లెక్క మాత్రమే కాదు, తల్లులందరి లెక్క. వలస ఆ భారానికి తోడవుతుంది.

ఎలా తోడవుతుందో తెలుసుకోవడానికి మన పురుడు సంప్రదాయాన్ని గుర్తు చేసుకుంటే చాలు. తొలి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకువస్తారు. తల్లి నీళ్లు పోస్తుంది, పథ్యం వండుతుంది, రాత్రి ఏడ్చే బిడ్డను అమ్మమ్మ ఎత్తుకుంటుంది, బాలింత కాసేపు కన్ను మూస్తుంది. అందులో ఆంక్షలున్నాయి, మూఢనమ్మకాలున్నాయి. అయినా కొత్త తల్లిని ఒంటరిగా వదలకూడదన్న ఇంగితం కూడా ఉంది. కూలి పోతుందనో, రైలు ఖర్చు భరించలేకనో ఇరుకు గదిలోనే పురుడు గడుపుకునే స్త్రీకి ఆ అండ లేదు. ఆమెకు మిగిలేది ఉదయం షిఫ్టుకు వెళ్లే భర్త, గోడ అవతల మరో భాష.

రాజ్యం ఆమెను చూసే తీరు ఈ ఒంటరితనాన్ని మరింత పెంచుతుంది. ప్లాంటు శాశ్వత ఉద్యోగి కుటుంబానికి టౌన్‌షిప్ క్వార్టరు, ఆసుపత్రి సదుపాయం ఉంటాయి. ఠేకా కార్మికుని భార్య అర్హత మాత్రం కాంట్రాక్టరు చేసిన నమోదు మీద, భర్త పని కొనసాగడం మీద ఆధారపడుతుంది. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో తెచ్చిన చట్టం కూడా ప్రధానంగా కార్మికుని గురించే మాట్లాడింది. అతని వెంట వచ్చిన తల్లి కాగితాలలో “ఆధారితురాలు” మాత్రమే.

ఇదే సరిహద్దును ఎదురు దిశలో దాటిన తల్లులు కూడా ఉన్నారు. 2005లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలయ్యాక, ఊళ్లు తగలబడి, ఇరుపక్షాల తుపాకుల మధ్య నలిగి, వేలాది ఆదివాసీ కుటుంబాలు నాటి ఖమ్మం, వరంగల్, గోదావరి జిల్లాల అడవులకు వచ్చాయి. మనం వారిని గుత్తికోయలు అంటున్నాం. ప్రత్యేక పోలీసు అధికారుల పేరిట ఆదివాసీ యువకులకు ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. తీర్పు వచ్చింది గాని ఆ తల్లులు కోల్పోయిన ఊరు తిరిగి రాలేదు. పోడు భూమి వివాదాల్లో ఇక్కడా వారి గుడిసెలు కూలాయి. ఖుర్సీపార్‌లో తెలుగు తల్లికి హిందీ ఎంత పరాయిదో, భద్రాచలం అడవిలో ఆ తల్లికి తెలుగు అంత పరాయిది. అక్కడ మనవాళ్లకు జరిగిన అన్యాయాన్ని ప్రశ్నించే మనం, ఇక్కడ మన ప్రభుత్వాలు చేస్తున్నదాన్ని కూడా ప్రశ్నించాలి.

దేశం దాటలేదు కనుక వీరు శరణార్థుల కిందికి రారు. దేశంలోనే నిర్వాసితులైన వారి కోసం ఐక్యరాజ్యసమితి 1998లో రూపొందించిన మార్గదర్శక సూత్రాలలో 19వది, అవసరమైనప్పుడు వారికి మానసిక, సామాజిక సేవలు అందాలని చెబుతుంది. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రతి వ్యక్తికీ ప్రభుత్వ మానసిక వైద్యం పొందే హక్కునిచ్చింది. చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డను సాధారణంగా వేరుచేయరాదని కూడా అదే చట్టం అంటుంది. 2022 అక్టోబరు 10న టెలీమానస్ మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు. మంచిదే. అయితే ఫోన్ భర్త జేబులో ఉంటుంది. గది ఒక్కటే, పక్కన అత్త ఉంటుంది. తన బాధకు పేరే తెలియని స్త్రీ ఏమని ఫోన్ చేస్తుంది?

ఆమె వద్దకు మరో స్త్రీ వెళ్లాలి. ఇది నా ఊహ కాదు. పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామీణ ప్రాంతంలో ఆరోగ్య కార్యకర్తలకు సంభాషణ పద్ధతుల్లో కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, కుంగుబాటులో ఉన్న తల్లుల ఇళ్లకు పంపారు. 2008లో లాన్సెట్ ప్రచురించిన ఫలితాల ప్రకారం, బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఆ తల్లులలో 23 శాతం మందిలోనే కుంగుబాటు మిగిలింది. ఆ శిక్షణ లేని కార్యకర్తలు సందర్శించిన తల్లులలో అది 53 శాతం.

అటువంటి స్త్రీ కోసం ఛత్తీస్‌గఢ్ వెతుక్కోనవసరం లేదు. ఆశా కార్యకర్తలు రాకముందే, 2002లో ఆ రాష్ట్రం మితానిన్‌లను తయారుచేసుకుంది. మితానిన్ అంటే నేస్తం. ఖుర్సీపార్‌కు తెలుగు మాట్లాడే మితానిన్ కావాలి, మన అడవి పల్లెలకు కోయ మాట్లాడే ఆశా కావాలి. వారికి ఈ శిక్షణ, దానికి తగిన వేతనం ఇవ్వాలి. ఉచితంగా మరో భారం మోపితే ఒక స్త్రీ కుంగుబాటును మరో స్త్రీ నెత్తిన పెట్టినట్లే.

భిలాయికి ఇనుప ఖనిజం పంపే దల్లీరాజహరాలో, ప్రసవవేళ సరైన వైద్యం అందక మరణించిన కార్మిక నాయకురాలు కుసుంబాయి స్మృతి వెంటాడగా, శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని గని కార్మికులు 1983లో తమ చందాలతో షహీద్ ఆసుపత్రి నిర్మించుకున్నారు. తల్లి ప్రాణం కార్మికోద్యమ సమస్యేనని వారు నాడే గుర్తించారు. నేటి సంఘాల కోరికల పత్రాలలో బోనసు, పర్మినెంటు ఉంటాయి, ఉండాలి. వాటి పక్కన తల్లి మనసుకు కూడా ఒక పంక్తి చేరాలి. ఈసారి ఓట్లడగడానికి వచ్చే నాయకులను ఆ బస్తీ స్త్రీలు నిలదీయగలిగితే, ఆ రోజు వార్త రాయడానికి నేను తప్పక వెళతాను.