హగణం, వగణం, బోసు లెక్క

భౌతికశాస్త్రం నా పరిధిలోనిది కాదు. ముప్పయ్యేళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో ఛందస్సు, వ్యాకరణం చెప్పినవాణ్ణి. అయినా సత్యేంద్రనాథ్ బోసు గారిని గురించి నాలుగు మాటలు వ్రాయాలనిపించింది. ఆయన గొప్పతనం పాఠం చెప్పడంలోనే మొదలైంది మరి!

1894 జనవరి 1న కలకత్తాలో జన్మించిన బోసు, 1921లో ఢాకా విశ్వవిద్యాలయంలో రీడరుగా చేరారు. ప్లాంకు వికిరణ సూత్రాన్ని బోధిస్తున్నప్పుడు దానిని సాధించే పద్ధతి ఆయనకు తృప్తినివ్వలేదు. సగం పాత శాస్త్రం, సగం కొత్తది. అందుకని కాంతికణాలను లెక్కించే తీరునే మార్చి, ఆ సూత్రాన్ని మళ్ళీ రాబట్టారు.

ఆ లెక్క నాకు గణాల ద్వారానే బోధపడింది. గురులఘువులతో ఏర్పడే రెండక్షరాల గణాలు నాలుగు: గగము, హగణము, వగణము, లలము. హగణంలో గురువు ముందు, వగణంలో లఘువు ముందు. ఏది ముందో ఏది వెనుకో చెప్పే వీలే లేదనుకోండి. హ, వ గణాలు ఒకటైపోయి మూడే మిగులుతాయి. కాంతికణాలలోనూ ఇది మొదటిది, అది రెండవది అన్న భేదం లేదన్నారు బోసు. అప్పుడు రెండూ ఒకే స్థితిలో ఉండే అవకాశం సగం నుంచి మూడింట రెండు వంతులకు పెరుగుతుంది.

1924 జూన్ 4న ఆ వ్యాసాన్ని ఐన్‌స్టీన్‌కు పంపారు. ఆయన స్వయంగా జర్మన్ భాషలోకి అనువదించి అదే యేడు ప్రచురింపజేశారు. అంతటితో ఆగక, ఆ లెక్కను పరమాణువులకూ వర్తింపజేసి, అతిశీతల స్థితిలో అవి ఒకే స్థితిలో గుమికూడతాయని ఊహించారు. 1995లో అమెరికాలోని బౌల్డరులో రుబీడియం పరమాణువులతో ఆ ఊహ రుజువైంది. ఆ కృషికి 2001లో నోబెల్ బహుమతి లభించింది. బోసు గారికి మాత్రం అది దక్కలేదు. ఆయన పేరు, డిరాక్ కల్పించిన 'బోసాన్' అనే మాటలో నిలిచింది.

ఇంతటివాడు 1948లో వంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించి, బెంగాలీలో విజ్ఞాన పత్రిక నడిపించారు. తన భాషలో శాస్త్రం చెప్పడం చిన్నతనమనుకోలేదు.

నా ఉద్యోగకాలపు చివరి యేళ్ళలో తెలుగు మాధ్యమం తరగతులు ఒక్కొక్కటిగా మూతబడడం కళ్ళారా చూశాను. శాస్త్రం తెలుగులో ఇమడదన్నారు. ఇమడకపోతే, గణవిభజన తప్ప మరొకటి ఎరుగని నాకు బోసు లెక్క ఎలా పట్టింది? మీలో భౌతికశాస్త్రం చదివినవారు ఒక్క సూత్రాన్నైనా ఇంట్లో పిల్లలకు తెలుగులో చెప్పి చూడండి. మాట తట్టనిచోట ఆంగ్లపదమే వాడండి, దోషం లేదు. వాక్యం మాత్రం మనదై ఉండాలి.