ఇది ఆ బాపతు సినిమా కాదన్నాడు!

చచ్చిపోయిన హీరో మళ్ళీ బతికొస్తే ఏడ్చే ప్రేక్షకుడు ఎక్కడైనా ఉంటాడా? ఉంటాడండీ. ఆ పెద్దమనిషిని నేనే.

సంగతేమిటంటే, 2015లో ‘కింగ్స్‌మన్ - ది సీక్రెట్ సర్వీస్’ అనే ఇంగ్లీషు చిత్రానికి మా పిన్ని కొడుకు నన్ను బలవంతంగా లాక్కెళ్ళాడు. హైదరాబాదులో, సెకండ్ షోకి. గూఢచారి సినిమా అంటే మనకేం కొత్త? 1966లోనే మన కృష్ణ ‘గూఢచారి 116’లో తుపాకీ పట్టేశాడు. ఓ సూటు, ఓ పిస్తోలు, లోకాన్ని మట్టుబెట్టాలని చూసే ఓ విలను... ఇంతేగా అనుకుంటూ పాప్‌కార్న్ పొట్లంతో సీట్లో జారగిలబడ్డాను. రెండు గంటల తొమ్మిది నిమిషాల తర్వాత లైట్లు వెలిగితే చూసుకున్నాను. పొట్లం సగం అలాగే ఉంది!

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. లండన్‌లో సావిల్ రో అని దొరల సూట్లు కుట్టే దర్జీల వీధి. అక్కడ ఒక దుకాణం చాటున రహస్య గూఢచారి సంస్థ. అందులో హ్యారీ హార్ట్ అనే పెద్దమనిషి (కొలిన్ ఫర్త్). బీదవాళ్ళ పేటలో, మారుతండ్రి దౌర్జన్యం చూస్తూ, పనీపాటా లేకుండా తిరిగే కుర్రాడు ఎగ్సీ (టారన్ ఎగర్టన్). కుర్రాడి కన్నతండ్రి ఒకప్పుడు హ్యారీ ప్రాణం కాపాడబోయి పోయాడు. ఆ ఋణం తీర్చుకోవాలని హ్యారీ వీడిని చేరదీస్తాడు.

పబ్బులో రౌడీలు అడ్డం పడితే హ్యారీ తాపీగా వెళ్ళి తలుపు గడియ వేసి, మర్యాదే మనిషిని మనిషిగా చేస్తుందని ఒక పాఠం చెప్పి, చేతిలోని గొడుగుతో అందర్నీ ఉతికి ఆరేస్తాడు. మా హాల్లో ఈలలే ఈలలు. ఆ గొడుగు దెబ్బలకి నవ్వామా, ఆ పెద్దమనిషి తీరుకి ముచ్చటపడ్డామా అంటే రెండూను. యాక్షన్, కామెడీ పాలూ నీళ్ళలా కలిసిపోవడమంటే అదీ.

ఇక కెంటకీలోని చర్చి సన్నివేశం. విలన్ వాలెంటైన్ (శామ్యూల్ జాక్సన్) లోకమంతా ఉచితంగా సిమ్ కార్డులు పంచాడు. వాటిలోంచి సంకేతం పంపితే మనుషులు పిచ్చెత్తి ఒకర్నొకరు చంపుకుంటారు. ఆ మాయలో పడి మన మర్యాదస్తుడు హ్యారీయే చర్చిలోని జనాన్ని ఊచకోత కోసేస్తాడు. తెలివొచ్చి, చేసినదానికి కుమిలిపోతూ బయటికొస్తే, రక్తం చూస్తే వాంతి చేసుకునే ఆ విలన్ ఎదురుగా నిలబడ్డాడు. పాత సినిమాల్లో అయితే విలన్ తన పథకమంతా చెప్పుకుంటాడనీ, ఈలోగా హీరో తప్పించుకుంటాడనీ చెప్పి, ఇది ఆ బాపతు సినిమా కాదంటాడు. ఠాప్! హ్యారీ తలకి గుండు తగిలి పడిపోయాడు.

హాలు గప్‌చుప్. మా వాడు నా మోచెయ్యి పట్టుకుని “అన్నయ్యా, లేస్తాడు చూడు” అన్నాడు. చివరిదాకా చూశాం. లేవలేదు.

అసలు దమ్ము అక్కడుంది. గురువు పోయాడు కనకనే ఎగ్సీ గురువు సూటు తొడుక్కోవలసి వచ్చింది. ఆఖర్న అదే పబ్బులో, మారుతండ్రి ముందు, అదే తలుపుకి అదే గడియ వేసి, అదే పాఠం మొదలెడతాడు. ఈసారి గడియ వేసింది శిష్యుడు. నాకు కళ్ళు చెమర్చాయంటే మా వాడు ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

ఇంటికొచ్చాక మొదలైంది నా గోల. హ్యారీ చచ్చిపోయి ఉండడని. గుండు పక్కనుంచి పోయి ఉంటుందని. రెండో భాగం తీస్తే ఆయన ఉండాల్సిందేనని. కనపడ్డవాడికల్లా చెప్పాను. నాలాంటివాళ్ళు ఊరికొకరు ఉండి ఉంటారు. 2017లో ‘ది గోల్డెన్ సర్కిల్’ పోస్టర్లు వచ్చాయి. ఒక కంటికి నల్లద్దంతో కొలిన్ ఫర్త్! ఎగిరి గంతేశాను. ఆ సెప్టెంబరులో విడుదలైతే ఈసారి టికెట్లు కొన్నది నేనే.

దర్శకుడు అదే మాథ్యూ వాన్. రచనలో ఆయనకి తోడు అదే జేన్ గోల్డ్‌మన్. నిడివి 141 నిమిషాలు. మొదట్లోనే పరుగెత్తే టాక్సీలో ఫైటు చూసి ‘ఇంకేం, పైసా వసూల్’ అనుకున్నాను. న్యాయంగా చెప్పాలంటే బాగున్నవి ఉన్నాయి. ఎల్టన్ జాన్ తన పాత్రలో తనే నటించి, విలన్ చెరలో బందీగా ఉండి, ఈకల వేషంలో తన్నే తన్నుకి నవ్వలేక చచ్చాం. మతి పోయిన హ్యారీకి గతం గుర్తు రావడానికి ఎగ్సీ ఒక కుక్కపిల్లకి తుపాకీ గురిపెట్టే ఘట్టం ఇంకా బాగుంది. మొదటి భాగంలో పెంపుడు కుక్కని కాల్చమనే పరీక్ష గుర్తుంది కదా? దానికి ఇక్కడ ముడి వేశారు. రెండో భాగం అంటే ఇలా ఉండాలి.

మరి తక్కినదో? తలలో గుండు దిగినా ప్రాణం నిలిపే జెల్ ఒకటి కనిపెట్టారు. పూసేశారు. హ్యారీ లేచి కూచున్నాడు. అంతే! నేను రెండేళ్ళు కోరుకున్నది రెండు నిమిషాల్లో చేతిలో పెట్టారు. ఆ క్షణంలో ఎందుకో మనసు చివుక్కుమంది. సంతోషం రాలేదు.

పబ్బు సన్నివేశం మళ్ళీ వచ్చింది. హ్యారీ గురి తప్పాడు. నవ్వు వచ్చింది, సరే. వెంటనే అమెరికా ఏజెంటు విస్కీ (పెడ్రో పాస్కల్) తాడు విసిరి అందర్నీ చితగ్గొట్టాడు. ఎవరు ఏం నేర్చుకున్నారు? ఎవరూ ఏమీ నేర్చుకోలేదు. ఎగ్సీతో సమానంగా శిక్షణ పొందిన రాక్సీని ఒక్క క్షిపణితో తుడిచిపెట్టేశారు. ఆమెకోసం ఏడ్చే తీరిక కూడా కథకి లేదు. పోస్టర్లో చానింగ్ టాటమ్‌ని చూసి వెళ్ళినవాళ్ళకి ఆయన సినిమాలో చాలాసేపు మంచుపెట్టెలోనే దర్శనమిచ్చాడు. విలన్ పాపీ (జూలియాన్ మూర్) కాంబోడియా అడవిలో కూచుని మనిషిని కీమా కొట్టి బర్గర్ చేయిస్తుంది. హీరోకీ ఆమెకీ ముఖాముఖి మాత్రం ఆఖర్నే. గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలోని ఒక ఘట్టం గురించి ఇక్కడ రాయకపోవడమే మర్యాద. మర్యాద మీద పాఠం చెప్పిన సినిమాకి రెండో భాగం మరి!

ఇవన్నీ ఓర్చుకుందును. ఓర్చుకోలేనిది ఒకటుంది.

చివర్లో ఎగ్సీ మందుపాతర మీద కాలేస్తాడు. మెర్లిన్ (మార్క్ స్ట్రాంగ్) అతన్ని పక్కకి తోసి తను నిలబడి, జాన్ డెన్వర్ పాట గొంతెత్తి పాడుతూ, శత్రువుల్ని దగ్గరికి రప్పించి ప్రాణమిస్తాడు. మార్క్ స్ట్రాంగ్ ఎంత గొప్పగా చేశాడో! ఆ చిత్రంలో మనసు పెట్టి తీసిన సన్నివేశం అదే. నాకు గొంతు పట్టుకుంటోంది. సరిగ్గా అప్పుడు మా వాడు చెవిలో అన్నాడు, “ఏం కాదులే అన్నయ్యా, జెల్ ఉందిగా!”

నేను నవ్వేశాను. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు కూడా. ఒక మంచి మనిషి చచ్చిపోతుంటే, ఒక మంచి నటుడు ప్రాణం పెట్టి నటిస్తుంటే, మేం నవ్వుకున్నాం. తప్పు మా వాడిదా? కాదు. చావుకి మందుందని సినిమాయే చెప్పాక ప్రేక్షకుడు ఏడవమంటే ఎలా ఏడుస్తాడు? హ్యారీని బతికించిన జెల్లు మెర్లిన్ చావుని చంపేసింది.

బయటికొచ్చి ఇరానీ చాయ్ తాగుతూ నేను సినిమాని దుమ్మెత్తి పోస్తుంటే మా వాడు అడ్డుతగిలాడు. “నువ్వే కదన్నయ్యా, హ్యారీ బతకాలి, హ్యారీ బతకాలి అని రెండేళ్ళు నా ప్రాణం తీశావు? వాళ్ళు బతికించారు. ఇప్పుడు తిడతావేం?” అన్నాడు. చాయ్ చల్లారిపోయింది గానీ నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడుంది. అడగడం మన హక్కు. ఇవ్వకపోవడం ఒక్కోసారి దర్శకుడి ధర్మం. ‘ఇది ఆ బాపతు సినిమా కాద’ని మొదటి భాగం మన మొహం మీద చెప్పింది కనకనే మనం దాన్ని ప్రేమించాం. రెండో భాగం మన మాట విని, అచ్చంగా ఆ బాపతు సినిమా అయి కూచుంది. వసూళ్ళ మాటంటారా, రెండూ ప్రపంచం మొత్తమ్మీద 40 కోట్ల డాలర్లు దాటాయి. డబ్బాపెట్టెకి తేడా తెలియలేదు. నాకు తెలిసింది.

వాన్‌గారికీ తెలిసిందేమో! 2021లో ఆయన తీసిన ‘ది కింగ్స్ మాన్’ కథ మొదటి ప్రపంచ యుద్ధం రోజులకి వెళ్ళింది. అందులో ముఖ్యపాత్ర కన్నకొడుకు సినిమా మధ్యలో యుద్ధంలో పోతాడు. ఈసారి జెల్ రాలేదు, గిల్ రాలేదు. పోయినవాడు పోయాడు. దాన్ని మా వాడూ నేనూ ఇంట్లో కూచుని చూశాం. ఆ సన్నివేశం దగ్గర వాడివైపు తిరిగాను, ఏమంటాడోనని.

వాడేమీ అనలేదు.