గడ్డం మీద పచ్చచుక్క

మేం మొదటిసారి మేకప్ సామాను కొన్నది నలభై దాటాక. మేమంటే అక్కాచెల్లెళ్ళం ఇద్దరం. ఎరుకల ఆడపిల్లలం. ఒకే ఏడు టీచర్ ట్రైనింగు పూర్తి చేసి, పర్చూరు వైపు పక్కపక్క పల్లెల్లో ఒకటి నుంచి అయిదు తరగతుల దాకా చెబుతున్నాం. పిల్లల చేత అఆలు దిద్దించే మా చేతులకి కంటి కింద కాటుక గీత తిన్నగా గీయడం రాలేదంటే మీరు నవ్వుతారు. మేమూ నవ్వుకున్నాం. ఆ సామాను కొనాల్సి వచ్చిన కారణానికి మాత్రం నవ్వు రాలేదు.

మా ఇద్దరికీ గడ్డం మీద పచ్చచుక్క ఉంది. మా అమ్మమ్మ పొడిచింది. ఆమె బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి ఎరుక చెప్పేది, పచ్చబొట్లు పొడిచేది. నాలుగైదు సూదులు దారంతో బిగించి కట్టేది. ఆముదం దీపం మసిని ఆకుపసరుతో కలిపి, ముందు పుల్లతో గీత గీసి, దాని మీద పొడిచేది. అయ్యాక పసుపు, నూనె రాసేది. పిల్ల ఏడవకుండా పాట ఎత్తుకునేది. కూలి చేటెడు జొన్నలో, పాత చీరో. గడప ఎక్కనివ్వని ఇళ్ళ ఆడవాళ్ళ గడ్డం కూడా ఆ కాసేపు ఆమె చేతిలోనే ఉండేది. పోయేటప్పుడు మనతో వచ్చే నగ పచ్చబొట్టు ఒక్కటే అనేది. ఇంట్లో మా కళ్ళకి పెట్టే కాటుకా ఆ దీపం మసే. కాబట్టి మొహాన్ని సింగారించడం మాకు కొత్త గానీ అమ్మమ్మకి కాదు.

కానీ మా మొహాలకి ఇంకో చరిత్ర కూడా ఉంది. 1871లో తెల్లవాళ్ళు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు 1913లో మొదలైంది, దాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. అక్కడ మావాళ్ళకి రోజూ హాజరు, బయటికి పోవాలంటే చీటీ, పుస్తకంలో వేలిముద్ర. 1952లో ఆ చట్టం రద్దయింది. టాటాలు లాక్మే మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. దేశంలో కొందరు ఆడవాళ్ళ చేతికి మన దేశపు లిప్‌స్టిక్ వచ్చిన ఏడే మా మీద దొంగ ముద్ర కాగితంలోంచి పోయింది. మనుషుల కళ్ళలోంచి పోలేదు.

మా పదో తరగతి సర్టిఫికెట్లలో పుట్టుమచ్చల దగ్గర ‘గడ్డం మీద పచ్చబొట్టు’ అనే రాసి ఉంటుంది. ట్రైనింగులో గ్రూపు ఫొటో రోజున తోటి అమ్మాయి ఒకతె ప్రేమగానే, ‘ఆ చుక్క కనపడకుండా కాస్త పౌడరు రాసుకోండే’ అంది. మెత్తుకున్నాం. ఆ ఫొటోలో మా మొహాలు సున్నం కొట్టిన గోడల్లా ఉంటాయి. చుక్కలు మాత్రం కనపడుతూనే ఉంటాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు మేం పౌడరు డబ్బా కూడా ముట్టుకోలేదు.

మా పెద్దక్క కూతురు డిగ్రీ అయ్యాక గుంటూరులో ఒక బట్టల షాపులో చేరింది. రంగు తక్కువని లోపల చీరలు మడతపెట్టే పని ఇచ్చారు. తెల్లటి పిల్లల్ని కౌంటరు దగ్గర నిలబెట్టారు. ఎవరో చెబితే ఇది మందుల షాపులో ఒక ట్యూబు కొని రాయడం మొదలుపెట్టింది. నెల తిరక్కుండానే మొహం తేటపడింది, కౌంటరు దగ్గరికి మార్చారు. ఇక ట్యూబు వదల్లేదు. రెండేళ్ళకి, ఒక్కరోజు మానితే చాలు మొహమంతా ఎర్రబడి మంట. బుగ్గల మీద సన్నటి రక్తనాళాలు బయటపడ్డాయి. గడ్డం చుట్టూ కురుపులు, చెంపల మీద నూగు. ‘మిరపకాయలకి తొడిమలు తీసిన చేత్తో మొహం తుడుచుకున్నట్టుంది పిన్నీ’ అని ఏడ్చింది.

గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ ట్యూబు మీది సన్నక్షరాలు మా చేతే చదివించింది. మొమెటసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్. మొదటిది స్టెరాయిడ్. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. రోజూ రాస్తే చర్మం పలచబడుతుంది, దానికి అలవాటు పడుతుంది, మానగానే తిరగబడుతుంది. పేరూ ఊరూ లేని తెల్లక్రీము డబ్బాలు కొన్నింటిలో పాదరసం కూడా ఉంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అలాంటి క్రీములు రాసుకున్నవాళ్ళకి కిడ్నీ జబ్బులు బయటపడ్డాయి. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. మా పల్లెల్లో పెళ్ళిచూపుల్లో అడిగే మొదటి ప్రశ్న మాత్రం మారలేదు.

ఏడాదికి పిల్ల మొహం నెమ్మదించింది. సొంత రంగు తిరిగొచ్చింది. పెళ్ళి కుదిరింది. పార్లరుకి వెళితే అక్కడి అమ్మాయి, ‘రెండు షేడ్లు పెంచుతాం, ఫొటోలు బాగొస్తాయి’ అంది. మా పిల్ల కుర్చీలోంచి లేచి వచ్చేసింది. ‘మీరే వేయండి పిన్నీ’ అంది. మాకేం వచ్చే అంటే, ‘టీచర్లేగా, నేర్చుకోండి’ అంది. డాక్టరమ్మని అడిగాం. వాసన లేనివి కొని, ముందుగా పరీక్ష చేసి చూసుకుని, ఆ ఒక్కరోజూ పలచగా వేయొచ్చంది.

అలా మొదలుపెట్టాం. మొదట కొన్నవి అయిదే. చర్మం పొడిబారకుండా ఒక క్రీము, ఎండకి ఒక క్రీము, ఫౌండేషన్, కాటుక పెన్సిలు, లిప్‌స్టిక్. ఫౌండేషన్ చూపించమంటే షాపతను తెల్లటి సీసా తీశాడు. ‘మన కలర్ కంటే ఒకటి పైది వాడాలి మేడం’ అన్నాడు. నమ్మాం. ఇంటికొచ్చి ఒకళ్ళకొకళ్ళం రాసుకుని అద్దంలో చూస్తే మొహాలు రెండూ బూడిదగుమ్మడికాయలు, మెడలు మావి. మా అక్క చూసి, ‘ఎవరమ్మా మీరు, ఏ ఊరు?’ అంది.

రెండోసారి తెలివి తెచ్చుకున్నాం. షేడు చూడాల్సింది చేతి మీద కాదు, దవడ ఎముక మీద. కొంచెం రాసి, ట్యూబులైటు కింద కాకుండా షాపు బయట పగటి వెలుతురులో చూడాలి. కొన్ని ఆరాక ముదురుతాయి కాబట్టి కాసేపు ఆగాలి. ఏది రాసిన చోట కనపడకుండా పోతుందో అదే మనది. ఒకే ఎండకి ఎండినా నల్లరేగడి వేరు, ఎర్రనేల వేరు. అలాగే నలుపులోనూ పసుపు తిరిగేది ఉంటుంది, ఎరుపు తిరిగేది ఉంటుంది. ఫౌండేషన్ పని రంగు మార్చడం కాదు, ఉన్న రంగుని సమం చేయడం. ఈ ఒక్క ముక్క తెలియక మా పిల్ల రెండేళ్ళ మొహం పోగొట్టుకుంది.

తక్కినవి చేతికి అలవాటయ్యేవి. బఠాణీ గింజంత చాలు. ఇల్లు అలికినట్టు పులమకూడదు, తడిపి పిండిన స్పాంజితో అద్దాలి. కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో రాసి రెండుమూడు రోజులు చూడాలి. డబ్బా మీద తేదీ చదవాలి. కళ్ళకలక వస్తే బడిలో సగం మంది రాకపోవడం చూసినవాళ్ళం కాబట్టి, ఒకరి కాటుక ఇంకొకరు వాడకూడదని మాకు వేరే చెప్పక్కర్లేకపోయింది. తీసేటప్పుడు మాత్రం మిరప కూలీల తెలివే పనికొచ్చింది. మిరప ఘాటు నీళ్ళకి వదలదు, నూనెకి వదులుతుంది. కాటుకా, లిప్‌స్టిక్కూ అంతే. కొబ్బరినూనె దూదితో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడుక్కోవాలి.

ఒకరోజు సాయంత్రం పిల్ల మాకే ఒక కిటుకు చూపించింది. పచ్చటి మచ్చని కప్పాలంటే ముందు దాని మీద ఎరుపు వేయాలట. పండుమిరప రంగు లిప్‌స్టిక్ మా గడ్డాల మీద చుక్క పెట్టి, పైన ఫౌండేషన్ అద్దింది. నిజంగానే పోయింది. ట్రైనింగు ఫొటో నాడు డబ్బాడు పౌడరుకి పోనిది ఒక్క చుక్క ఎరుపుకి పోయింది. ఇద్దరం అద్దం ముందు కూర్చుని చాలాసేపు చూసుకున్నాం. ఇరవై ఏళ్ళ కిందట ఇది తెలిసుంటే రోజూ వేసుకునేవాళ్ళమే, అబద్ధం ఎందుకు? ఇప్పుడు చూస్తే అమ్మమ్మ లేచి బయటికి వెళ్ళిపోయినట్టుంది. ఎవరూ ఏమీ అనలేదు. నూనె సీసా తెచ్చి తుడిచేశాం.

పెళ్ళిరోజు పొద్దున్నే గంటన్నర పట్టింది. కాటుక గీత రెండుసార్లు చెరిపి మూడోసారి గీశాం. పిల్ల తన రంగులోనే ఉంది, అలికినట్టు లేదు, మెడా మొహం ఒకటే. చివర బుగ్గచుక్క పెట్టబోతుంటే మా చెయ్యి పట్టుకుంది. ‘బుగ్గన వద్దు పిన్నీ, మీకున్నచోట పెట్టండి’ అంది. కాటుకతో గడ్డం మీద పెట్టాం. ఫొటో అతను ‘ఆ చుక్క కంప్యూటర్లో తీసేయమంటారా?’ అని అడిగితే, మా అక్క ‘ముట్టుకుంటే డబ్బులివ్వం’ అంది.

రాత్రి కొబ్బరినూనెతో మొహం తుడిచాం. దాని చుక్క దూదికి వచ్చేసింది. మా గడ్డాల వంక చూసి, ‘నాకూ పోకుండా పొడవండి’ అంది. ఏం చెప్పం? సూదులు కట్టడం అమ్మమ్మ మాకు నేర్పలేదు. మమ్మల్ని బడికి పంపింది.